వీసా వచ్చింది సరే, బండి నడపడం వచ్చిందా?

మా అనంతపురం వైపు ఒక ఇంటికి గల్ఫ్ నుంచి డ్రైవర్ వీసా వచ్చిందంటే ఆ వార్త గంటలో వాడంతా తెలిసిపోతుంది. మిఠాయి పంచుతారు. అత్తగారింటి వాళ్ళు చూడడానికి వస్తారు. అంతవరకూ ముఖం చాటేసిన వడ్డీ వ్యాపారి తనంతట తానే వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. పాస్‌పోర్టుకెంత, మెడికల్‌కెంత, టికెట్టుకెంత, ఏజెంటుకెంత అని రాత్రి పొద్దుపోయేదాకా లెక్కలు వేస్తారు. ఒక్క లెక్క మాత్రం ఎవరూ వేయరు. వెళ్తున్న మనిషికి బండి నడపడం ఎంతవరకు వచ్చు? మేము ఈ ప్రశ్న అడిగినప్పుడల్లా వచ్చే జవాబు ఒకటే: "లైసెన్సు ఉంది కదా, హజ్రత్!"

లైసెన్సు ఉండడం ఒకటి, నడపడం రావడం ఇంకొకటి. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరం కదిరిలో కనబడదు. కువైట్‌లో, రియాద్‌లో కనబడుతుంది. కనబడిన రోజున దాని ఖరీదు వెళ్ళినవాడొక్కడే కాదు, ఇక్కడున్న తల్లిదండ్రులు, భార్యాపిల్లలు కూడా కట్టవలసి వస్తుంది. అందుకే ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పదలచాము.

వెళ్ళేవాళ్ళు ఎందుకు వెళ్తున్నారో పాఠకులకు తెలియనిది కాదు. దేశంలో జైసల్మేరు తరువాత అతి తక్కువ వాన పడే జిల్లాగా అనంతపురానికి పేరు. ఏడాదికి సగటు 550 మిల్లీమీటర్లు, అదీ అదనుకు పడదు. ఒకప్పుడు ఇరవై లక్షల ఎకరాల దాకా శెనక్కాయే వేసిన నేల ఇది. విత్తిన తరువాత నెలరోజులు మబ్బు ముఖం చాటేస్తే ఆ ఏడు అంతే. బోరు ఎండితే పక్కన ఇంకో బోరు, అదీ ఎండితే ఎద్దులు సంతకు. 2022లో జిల్లా రెండై కదిరి, ధర్మవరం, హిందూపురం, పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాయి గాని కరువు ఆ సరిహద్దును లెక్కపెట్టలేదు. ఇటు కదిరి, అటు రాయచోటి, ఈ ప్రాంతం నుంచి ముస్లిములేమి, ఇతరులేమి తరం వెంట తరం కువైట్‌కు, సౌదీకి, దుబాయికి వెళ్తూనే ఉన్నారు. ఆడవాళ్ళు ఇంటిపనికి వెళ్తే మగవాళ్ళు చాలామంది ఇంటి డ్రైవర్లుగా వెళ్తారు. ఇంటి డ్రైవరు అంటే ఆ ఇంటి పిల్లలను బడికి, ఇంటావిడను బజారుకు, ముసలాయనను ఆసుపత్రికి తీసుకుపోయి తీసుకువచ్చేవాడు.

మా దగ్గరికి దువా కోసం వచ్చేవాళ్ళలో ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళకంటే ముప్పై అయిదు, నలభై దాటినవాళ్ళే ఎక్కువ. నిన్నటిదాకా సేద్యం చేసినవాళ్ళు, బీడీలు చుట్టినవాళ్ళు, మగ్గం నేసినవాళ్ళు. వీరిలో కొందరికి ట్రాక్టరు తోలడం వచ్చు. ట్రాక్టరు తోలినవాడికి కారేముంది అని ధీమా. దున్నిన చేలో ఎదురుగా వచ్చేదెవరు?

ఆ వయసులో నేర్చుకోవడం నామోషీగా ఉంటుందన్నది నిజమే. ఎల్ బోర్డు కట్టిన కారులో, మేనల్లుడి వయసున్న కుర్రాడు పక్కన కూర్చుని "క్లచ్ అలా వదలొద్దు చిచ్చా!" అని గద్దిస్తుంటే, వీధిలో తెలిసినవాళ్ళు చూస్తుంటే ఎవరికైనా చెమటలు పడతాయి. అందుకని ఫజర్ నమాజు కాగానే, ఊరు లేవకముందే కారు తీసి, జనం లేని రోడ్డు మీద నాలుగు మైళ్ళు పోయి వచ్చి, నేర్చుకున్నాననిపించుకుంటారు. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. దైవప్రవక్త (స) సహచరుల్లో ఎంతోమంది వయసు మీరిన తరువాతే విద్య మొదలుపెట్టారు. సిగ్గుపడవలసిన చోటు వేరే ఉంది.

మన చట్టం ఏం చెబుతున్నదో చూడండి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ముందు ఎల్.ఎల్.ఆర్. తీసుకోవాలి. అది ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న ముప్పై రోజులు గడిచాకే పరీక్షకు వెళ్ళాలి. డ్రైవింగ్ స్కూలువాళ్ళు కారు నేర్పాలంటే కనీసం 21 రోజులు నేర్పాలని, అందులో కనీసం 10 గంటలు బండి మనచేత నడిపించాలని కేంద్ర నిబంధన. ఆ ముప్పై రోజుల గడువు పెట్టింది నేర్చుకోవడానికి. మనవాళ్ళు ఆ ముప్పై రోజులూ ఊరికే ఎదురుచూస్తారు. ముప్పై ఒకటో రోజున మధ్యవర్తిని పట్టుకుంటారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు ఎనిమిది వేయవలసిన పని లేకుండా కార్డు చేతికి వస్తే దాన్ని గొప్పగా చెప్పుకుంటారు. అన్నిచోట్లా ఇలాగే జరుగుతున్నదని మేము అనడం లేదు. నిక్కచ్చిగా పరీక్ష పెట్టి తప్పించే అధికారులూ ఉన్నారు. వాళ్ళను తిట్టేదీ మనవాళ్ళే.

ఇదివరకు రవాణా వాహనం నడపాలంటే ఎనిమిదో తరగతి చదివి ఉండాలనే నిబంధన ఉండేది. చదువులేని పేదవాడి బతుకుతెరువుకు అడ్డం వస్తున్నదని 2019లో కేంద్రం దాన్ని తీసేసింది. మంచి పనే చేసింది. కాని బడికి పోనివాడు గుర్తుల పుస్తకం చదువుకోలేడు గనుక వాడికి నేర్పేవాళ్ళు ఇంకా శ్రద్ధగా నేర్పాలి. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

ఇక అక్కడి సంగతి. మన దగ్గర బండి రోడ్డుకు ఎడమవైపు పోతుంది, స్టీరింగు కుడివైపు ఉంటుంది. గల్ఫ్ దేశాలన్నిటిలో దీనికి తలకిందులు. (బ్రిటిషువాళ్ళ పలుకుబడి ఉన్న రోజుల్లో దుబాయి, అబుదాబి, బహ్రెయిన్‌లలో కూడా ఎడమవైపే నడిపేవారు. 1966, 1967లలో కుడివైపుకు మారిపోయారు.) క్లచ్, బ్రేకు, ఆక్సిలరేటరు మాత్రం అదే వరసలో ఉంటాయి. ఇప్పుడు అక్కడి కార్లు చాలావరకు ఆటోమేటిక్ గేరువి కాబట్టి క్లచ్ బాధ కూడా తప్పింది. కష్టమంతా కంటిది. గుండ్రటి కూడలిలో, అక్కడ 'దవ్వార్' అంటారు, మనం మొదట కుడివైపు చూస్తాము. అక్కడ బండ్లు వచ్చేది ఎడమవైపు నుంచి. రద్దీలో ముందు పోయే బండిని చూసి ఎలాగో నెట్టుకొస్తారు. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద మలుపు తిరిగినప్పుడే ప్రమాదం. ముందు బండి లేదు, వెనక బండి లేదు, పాతికేళ్ళుగా ఒంటికి పట్టిన అలవాటు మనిషిని తెలియకుండానే ఎడమవైపుకు లాక్కుపోతుంది. అక్కడ ఇరవై ఏళ్ళు నడిపి వచ్చినవాళ్ళు కూడా మొదటి మూడు నెలల గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించి చెబుతారు.

ఇంకొక భ్రమ ఉంది. ఇక్కడి ఆర్టీఓ ఆఫీసులో ఏడాది చెల్లే అంతర్జాతీయ పర్మిట్ ఇస్తారు. అది జేబులో ఉంటే చాలుననుకుని విమానం ఎక్కేవాళ్ళున్నారు. ఆ పర్మిట్ చుట్టపుచూపుగా వెళ్ళేవాడికి పనికివస్తుంది. ఇఖామా తీసుకుని అక్కడే ఉండి పనిచేసేవాడికి ఆ దేశపు లైసెన్సే కావాలి. దానికి కంటి పరీక్ష, గుర్తుల పరీక్ష, మైదానంలో రివర్సులో పోయి గీతల మధ్య బండి నిలపడం, ఆ తరువాత రోడ్డు పరీక్ష. దేశాన్నిబట్టి కొంత తేడా ఉంటుంది. దుబాయిలో ఇక్కడి లైసెన్సు ఎంత పాతదైతే అక్కడ తీసుకోవలసిన క్లాసు గంటలు అంత తగ్గుతాయి. 2023లో అక్కడి రవాణా శాఖ మనవాళ్ళకు క్లాసులు లేకుండానే నేరుగా పరీక్షకు కూర్చునే వీలు కల్పించింది, ఒకే ఒక్కసారికి. తప్పితే మళ్ళీ క్లాసుల దారే. అంటే ఇక్కడ పెందలాడే లైసెన్సు తీసుకుని, నిజంగా నాలుగైదేళ్ళు బండి నడిపినవాడికి అక్కడ ఖర్చు తగ్గుతుంది, కాలం కలిసివస్తుంది. వీసా చేతికి వచ్చాక లైసెన్సు కోసం పరుగెత్తేవాడికి రెండూ లేవు.

భాష గురించి ఒక మాట. దుబాయిలో రాతపరీక్ష ఉర్దూలో కూడా ఉంటుంది. మన ఊళ్ళలో ఇంట్లో దక్కనీ మాట్లాడుతూ, ఉర్దూ అక్షరం గుర్తుపట్టలేని పిల్లలు ఇప్పుడు ఎక్కువైపోయారు. అది వేరే బాధ. కాని కొద్దిగా ఉర్దూ, అరబీ ముక్కలు తెలిసినవాడికి అక్కడి రోడ్డు అంత పరాయిగా ఉండదు. ట్రాఫిక్ సిగ్నల్‌ను 'ఇషారా' అంటారు, మనకు తెలిసిన మాటే. ట్రాఫిక్ పోలీసు శాఖ 'మురూర్', అంటే దాటిపోవడం. లైసెన్సును 'రుఖ్సా' అంటారు. ఉర్దూలో రుఖ్సత్ అంటే సెలవు పుచ్చుకోవడం. పెళ్ళికూతురిని సాగనంపే రుఖ్సతీ కూడా అందులోంచి వచ్చిందే. మా ఫిఖ్ పాఠాల్లో ఆ మాటకు వెసులుబాటు అని అర్థం చెబుతాము. ఇక డ్రైవరు 'సాయిఖ్'. ఈ మాట దివ్యఖురానులో సూరా ఖాఫ్‌లో వస్తుంది. ప్రళయదినాన ప్రతి మనిషితో పాటు వాణ్ణి తోలుకువచ్చేవాడొకడు, సాక్షి ఒకడు ఉంటారని అక్కడి భావం. ఆ ఆయతు చదివినప్పుడల్లా మాకు వెనక సీటులో ఎవరి పిల్లలనో కూర్చోబెట్టుకుని బడికి తీసుకుపోయే మన కదిరి మనిషి గుర్తుకొస్తాడు.

పరీక్ష తప్పితే ఏమవుతుంది? కఫీల్ ఒకసారి ఊరుకుంటాడు, రెండోసారి విసుక్కుంటాడు. మూడోసారికి వేరే పని అప్పగిస్తాడు, లేదా టికెట్టు తీసి పంపేస్తాడు. డ్రైవర్ వీసా మీద పోయి ఎడారిలో గొర్రెలు కాసినవారు మా ఎరుకలోనే ఉన్నారు. వారిలో మోసపోయినవారున్నారు, వారిని మేము తప్పుపట్టము. పరీక్ష తప్పి ఆ పనికి పోయినవారూ ఉన్నారు. జీతం తగ్గింది, ఇక్కడి వడ్డీ మాత్రం తగ్గలేదు. ఇందులో ఇంటివాళ్ళ పాత్ర కూడా తక్కువేమీ కాదు. మనిషి దిగి నెల తిరక్కుండానే ఫోను: "ఏం, ఇంకా పంపలేదే?" అవతల అతను కొత్త రోడ్డుకు కన్ను అలవాటు చేసుకుంటున్నాడు. పగలంతా పని, రాత్రి గుర్తుల పుస్తకం. అతనికి ఆ మూడు నెలలు ఊపిరి పీల్చుకోనివ్వండి. అప్పు తీసుకునేటప్పుడే ఆ మూడు నెలల వడ్డీ కూడా లెక్కలో వేసుకోండి.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన మాట. ప్రమాదం జరిగి ప్రాణం పోతే? దివ్యఖురానులో సూరా నిసాలో పొరపాటున జరిగిన హత్య గురించి స్పష్టమైన ఆదేశం ఉంది. చనిపోయినవారి కుటుంబానికి దియత్ చెల్లించాలి. వారు మన్నిస్తే దియత్ పోతుంది, కఫ్ఫారా మిగులుతుంది. బానిసను విడిపించే స్తోమత లేనివాడు రెండు నెలలు ఎడతెగకుండా ఉపవాసాలుండాలి. 'కావాలని చేయలేదు' అనే మాటతో ధర్మశాస్త్రంలో లెక్క ముగిసిపోదు. సౌదీలో ప్రమాదవశాత్తు జరిగే మరణానికి దియత్‌ను 2011లో లక్ష రియాళ్ళ నుంచి మూడు లక్షలకు పెంచారు. నేటి లెక్కన అరవై లక్షల రూపాయలకు పైమాటే. తప్పు ఎవరిది ఎంత పాలు అని మురూర్‌వాళ్ళు తేలుస్తారు. బండికి బీమా ఉండి, అది చెల్లితే సరే. లైసెన్సు లేకుండా నడిపి ఉంటే బీమా కంపెనీ తాను కట్టిన సొమ్మును తిరిగి డ్రైవరు దగ్గర రాబట్టుకునే హక్కు అక్కడి నిబంధనల్లో ఉంది. ఇంటి డ్రైవరు దగ్గర ఏముంటుంది రాబట్టుకోవడానికి? జైలు గోడలే.

అలాంటి కబురు వచ్చినప్పుడు ఏం చేస్తామో మనకు తెలుసు. జుమా నమాజు కాగానే మసీదు గుమ్మం దగ్గర రుమాలు పరుస్తారు. ఇమాముగారు రెండు మాటలు చెబుతారు. పదులు, వందలు, ఎవరో ఒకరు వెయ్యి. ఊరూరూ తిరుగుతారు. కరువులో ఉన్న జనం కూడా లేదనకుండా ఇస్తారు. ఇవ్వాలి కూడా. మేమూ ఆ రుమాలు పక్కన నిలబడి చందా అడిగినవాళ్ళమే. కాని ఆ మనిషి వెళ్ళేముందు రెండు నెలలు కుదురుగా కూర్చుని నేర్చుకోవడానికి కావలసిన సొమ్ము కోసం ఏ మసీదు ముందరా ఎవరూ రుమాలు పరచలేదు. ఆ సొమ్ము ఏజెంటుకు పోసేదానిలో పదోవంతు కూడా ఉండదు. జైలు నుంచి విడిపించడం పుణ్యమని అందరికీ తెలుసు. జైలుకు పోకుండా చూడడం కూడా పుణ్యమేనని, పైగా చౌక అని మేము మనవి చేస్తున్నాము.

కొందరు పెద్దలు దీనికి "అల్లాహ్ మీద భారం వేశాము, ఆయనే చూసుకుంటాడు" అంటారు. ఒంటెను కట్టి భారం వేయాలా, కట్టకుండా వేయాలా అని అడిగిన మనిషికి ప్రవక్త (స) ముందు కట్టమనే చెప్పారని తిర్మిజీ గ్రంథంలో ఉంది. ఆ హదీసు వినని ముస్లిము ఉండడు.

అక్కడి చట్టాలూ రోజురోజుకూ కఠినమవుతున్నాయి. కువైట్‌లో 2025 ఏప్రిల్ 22 నుంచి కొత్త ట్రాఫిక్ చట్టం అమలుకు వచ్చింది. నడుపుతూ ఫోను చేతపట్టుకుంటే 75 దీనార్లు. ఎర్ర దీపం దాటితే 150. బెల్టు పెట్టుకోకపోతే 30. ఇంటి పనివారికి, ఇంటి డ్రైవర్లకు ఆ దేశంలో 2016లో నిర్ణయించిన కనీస జీతం 60 దీనార్లు. ఎక్కువ ఇచ్చే ఇళ్ళు చాలా ఉన్నాయనుకోండి. అయినా ఒక్క ఎర్ర దీపానికి రెండు మూడు నెలల కష్టం పోయేవాళ్ళు ఉంటారు. ఇంటి నుంచి ఫోను చేసే అమ్మలు, భార్యలు ఈ సంగతి తెలుసుకోవాలి. "బండిలో ఉన్నాను" అంటే వెంటనే పెట్టేయండి.

మనవాడికి మేలు చేసే చట్టాలూ ఉన్నాయి, వాటినీ తెలుసుకుని పోవాలి. కువైట్‌లో 2015 నాటి ఇంటి పనివారి చట్టం ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒకరోజు సెలవు. పాస్‌పోర్టు యజమాని తన దగ్గర పెట్టుకోకూడదు. కాగితం మీద ఉన్నదంతా ప్రతి ఇంట్లో జరుగుతుందని మేము చెప్పలేము. కాని నిద్రలేని డ్రైవరు ఆ ఇంటి పిల్లలకే ప్రమాదం గనుక, మర్యాదగా అడిగితే వినే యజమానులుంటారు. పదో తరగతి పాసుకానివారు మన ప్రభుత్వం అనుమతితోనే వెళ్ళాలి. వారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. 2017లో మార్చిన ప్రకారం రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు ప్రీమియం. ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా వికలాంగుడైనా 10 లక్షల రూపాయలు వస్తాయి. ఆ పాలసీ కాగితం జిరాక్సు ఇంట్లో బీరువాలో ఉండాలి. వెళ్ళినవాడి సంచిలో ఒక్కటే ఉంటే ఏం లాభం?

ఆడపిల్లల సంగతి కూడా ఎత్తాలి. 1990 నవంబరు 6న రియాద్‌లో 47 మంది స్త్రీలు కార్లు నడిపి శిక్షకు గురయ్యారు. 2018 జూన్ 24 నుంచి అదే దేశంలో స్త్రీలను కార్లు నడపనిస్తున్నారు. తల్లులే పిల్లలను బడికి దింపుకునే ఇళ్ళు పెరిగేకొద్దీ మన ఇంటి డ్రైవర్ల అవసరం తగ్గుతుందని మేము అనుకుంటున్నాము. నేర్పు లేనివాడికి ముందుగా ఎసరు వస్తుంది. రెండోది, నర్సులుగా, టీచర్లుగా మన అమ్మాయిలు వెళ్తున్నారు, భర్తలతో అక్కడ కాపురాలున్నవారూ ఉన్నారు. వాళ్ళు డ్రైవింగ్ నేర్చుకుంటామంటే ముఖం చిట్లించే మామలు మాకు తెలుసు. రాత్రి పన్నెండు గంటలకు డ్యూటీ దిగిన కోడలు పరాయి టాక్సీ కోసం రోడ్డు పక్కన నిలబడడం ఆ మామగారికి ఎలా నచ్చుతుందో మాకు అర్థం కాదు.

నేర్పేదెవరు అని అడుగుతారేమో. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఎడమ స్టీరింగుతో తయారైనవి ఓడలెక్కి గల్ఫ్ దేశాలకూ పోతున్నాయి. నేర్చుకోవడానికి మాత్రం మన ఊళ్ళలో అలాంటి కారు ఒక్కటీ దొరకదు. కారు లేకపోయినా మనుషులున్నారు. కువైట్‌లో, జెద్దాలో పదిహేనేళ్ళు, ఇరవై ఏళ్ళు బండి నడిపి తిరిగి వచ్చినవాళ్ళు ప్రతి పేటలోనూ ఉన్నారు. పొద్దున్నే టీకొట్టు దగ్గర కూర్చుని పేపరు చదువుతుంటారు. దవ్వార్‌లో ఎటు చూడాలో, ఏ గుర్తుకు ఏం అర్థమో, మురూర్‌వాడు ఆపితే ఏ కాగితం ముందు తీయాలో వాళ్ళకు తెలిసినంతగా ఏ పుస్తకంలోనూ ఉండదు. బ్లాక్‌బోర్డు మీద సుద్దముక్కతో గీసి చూపించవచ్చు, నేల మీద గీతలు గీసి పిల్లల బొమ్మకారుతో నేర్పవచ్చు. వీసా కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు సాయంత్రం గంట చొప్పున నెలరోజులు వింటే చాలు. వెళ్ళేది మన పేటవాడైనా, పక్క పేట రెడ్డిగారి అబ్బాయైనా రావచ్చు. మా మదర్సా గదులు అసర్ తరువాత ఖాళీగానే ఉంటాయి.